జీరంగి ఎంగిలి

భానుశ్రీ కొట్టు మెట్లెక్కిన రోజున పానకాలు చేతిలో ఉన్నవి ఇవి: సత్తెనపల్లి మార్కెట్ వీధిలో ఒక ఆకుల కొట్టు, దాని వెనక రేకుల గోడౌను, విస్తళ్ళు కుట్టే ఆరుగురు ఆడవాళ్ళు, ముప్ఫై ఏళ్ళ పేరు, అటక మీద ఇరవై ఎనిమిది మోదుగాకు కట్టలు. భార్య వెంకటరావమ్మ లేదు. పోయి ఆరేళ్ళయింది. ఆమెతో తెగకుండా ఆగిపోయిన మాట ఒకటి మాత్రం మిగిలింది. దాన్ని జమలో రాసుకోవాలో ఖర్చులో రాసుకోవాలో ఇంత వ్యాపారం చేసినవాడికీ తెలియలేదు.

అది 2008, తొలకరి పడి నెల దాటింది. దోర్నాల అడవి వైపు నుంచి కొత్త ఆకు దిగుతోంది. గోడౌను నిండా పచ్చి ఆకు వాసన. యూనివర్సిటీ సంచి భుజాన వేసుకున్న పిల్ల లోపలికి వచ్చి నిలబడింది.

"ఎన్ని వందలు కావాలమ్మా? పెళ్ళికా, దినానికా?" అన్నాడు పానకాలు, తలెత్తకుండానే.

"విస్తళ్ళు కాదు బాబాయిగారూ. మీ అటక మీద పాత కట్టలు ఉన్నాయట. అవి కావాలి."

తలెత్తాడు. "నీకెవరు చెప్పారు?"

"మా నాన్న. మాది పెదకూరపాడు దగ్గర. అక్క పెళ్ళికి మీ దగ్గరే కొన్నాం. ఆకు పోయినేడాది కంటే చిన్నదని మా నాన్న గొడవపడితే, మీరు అటకెక్కి పాత కట్ట దించి, ఆకు మీద ఆకు పెట్టి చూపించారట. ఇంటికొచ్చి వారం రోజులు చెప్పుకున్నాడు."

పానకాలు నవ్వాడు. మచ్చు ఉంచడం అతనికి తండ్రి నేర్పిన పద్ధతి. మిర్చి వాళ్ళు గుప్పెడు కాయ ఉంచుకుంటారు, వీళ్ళు కట్టెడు ఆకు. ప్రతి ఏడూ తొలకరి తర్వాత వచ్చే మొదటి బండిలో ఒక కట్ట తీసి, ఏడాది రాసిన అట్టముక్క కట్టి అటకెక్కించాలి. ఎవరైనా పేచీ పెడితే నోటితో పని లేదు.

"పాతాకుతో నీకేం పనమ్మా? విస్తరి కుడితే పొడైపోతుంది."

భానుశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది. పురుగుల మీద పరిశోధన చేస్తున్నానంది. అడవిలో ఏ పురుగు ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు పెరిగింది అన్నది ఇవాళ అడవికి వెళ్ళి లెక్కపెడితే తెలియదు, ఇవాళ్టిదే తెలుస్తుంది. నిన్నటి అడవి ఎవరి దగ్గరా లేదు. ఆకు మీద మాత్రం ఉంటుంది. పురుగు ఆకును కొరుకుతుంది, దాని మీద పాకుతుంది, రెట్ట వేస్తుంది. కొరికినచోట దాని ఎంగిలి అంటుకుని ఎండిపోతుంది. ఆ ఎంగిలిలో ఆ పురుగు డీఎన్‌ఏ ఉంటుంది. ఆకు పొడిగా, నీడలో ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆకును నూరి, హైదరాబాదు ల్యాబులో పరీక్ష చేస్తే, పురుగు కనిపించకపోయినా అది వచ్చి పోయిన సంగతి తెలుస్తుంది.

మూల కూర్చుని ఈనెపుల్లతో విస్తరి కుడుతున్న మస్తాన్‌బీ చెయ్యి ఆగింది. "అంటే ఏందమ్మాయ్, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిట్లో జనం పురుగుల ఎంగిలి విస్తట్లో తిన్నారంటావా? మడి కట్టుకుని వడ్డించే అయ్యవార్లకి ఈ ముక్క చెప్పమాక."

గోడౌనంతా నవ్వింది. పానకాలు నవ్వలేదు. పిల్ల మాటల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాడు.

"ఏ పురుగైనా తెలుస్తుందా?"

"ముందు ఆ పురుగుది కాస్త మా దగ్గర ఉండాలి, పోల్చుకోవడానికి. మీకు ఏది తెలియాలి?"

"జీరంగి."

"ఆకుపచ్చగా మెరుస్తుందే, అదేనా? చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని తుమ్మాకు వేసేవాళ్ళం. మా డిపార్ట్‌మెంట్లో సూదికి గుచ్చిన పాతది ఒకటుంది. దాని కాలు ఒక్కటి చాలు."

"అయితే విను. కట్టలు ఇస్తాను. జీరంగి ఏ ఏడు దాకా ఉంది, ఏ ఏడు లేదు, అది నాకు తేల్చి చెప్పాలి. మిగతా పురుగులు నీ ఇష్టం. కట్టకు ఎన్నాకులు కావాలి?"

"పదిహేను."

"ఐదు తీసుకో."

"బాబాయిగారూ, ఇది వంకాయల బేరం కాదండీ!"

"అన్నీ బేరమేనమ్మా. ఏడు. ఇంక పెంచను."

ఏడుకి ఒప్పుకుంది.

ఆ పిల్ల వెళ్ళాక మస్తాన్‌బీ పుల్ల విరుస్తూ అంది, "పదేళ్ళ తర్వాత అడగబుద్ధి పుట్టిందా అయ్యా?"

పానకాలు గల్లాపెట్టె వైపు వెళ్ళిపోయాడు.

వెంకటరావమ్మది మంగళగిరి. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. పడుగులో ఒక్క పోగు తెగితే గడప దగ్గర నుంచే చూసే కళ్ళు. కాపరానికి వచ్చిన రెండో నెలలోనే గోడౌనులోకి వచ్చి కూర్చుంది. ఆకు ఏరడం ఆమె పని. చిల్లు పడ్డది, ముడత పడ్డది, మచ్చ ఉన్నది తీసి పక్కన పడేసేది. వేళ్ళు ఆకుల మీద నడుస్తుంటే మగ్గం మీద నాడె ఆడినట్టుండేది.

ఆ ఆకుల మధ్య అప్పుడప్పుడు జీరంగి రెక్కలు దొరికేవి. అడవిలో ఆకు మీద వాలిన పురుగు కట్టలో ఇరుక్కుని చచ్చిపోతే, గట్టిగా ఉండే పైరెక్కలు మాత్రం మిగిలేవి. ఆకుపచ్చ, అందులో నీలం, తిప్పితే కాస్త బంగారం. ఆమె వాటిని కొంగున ముడేసుకునేది. ఇంటికెళ్ళి కత్తెరతో కందిగింజంత కత్తిరించి, మైనం రాసి, కుంకుమ కింద అంటించుకునేది. ఎండలో ఆమె తల తిప్పితే ఆ చుక్క ఒక్కసారి వెలిగి ఆరిపోయేది. పానకాలు జీవితంలో దేన్నైనా ధర కట్టకుండా చూశాడంటే దాన్నే. ఇంట్లో ఉన్న ఒక్క పెళ్ళి ఫొటో నలుపు తెలుపుది. అందులో ఆ చుక్క లేదు.

తొంభై ఆరులోనో ఏడులోనో ఆమె స్టిక్కర్లు పెట్టుకోవడం మొదలుపెట్టింది. రెక్కలు దొరకడం లేదంది. కత్తిరించడానికి చూపు ఆనడం లేదు, ఒప్పుకోవడానికి రోషం, అనుకున్నాడు పానకాలు.

తొంభై ఎనిమిది శ్రావణంలో చిలకలూరిపేట పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దాయన విస్తట్లో గొంగళిపురుగు లేచి నడిచింది. మర్నాడు ఆడపిల్ల తండ్రి కొట్టుకొచ్చి వీధంతా వినేలా తిట్టాడు. పానకాలు అతనికి దణ్ణం పెట్టి పంపించి, ఆ వేడి తీసుకెళ్ళి గోడౌనులో దించాడు.

"పాకే పురుగే కనపడకపోతే ఇంక నువ్వేం ఏరుతున్నట్టు? రెండేళ్ళ నుంచి జీరంగులు పోయాయి, పోయాయి అని ఒకటే పాట. అడవికేం రోగం? పోయింది నీ చూపు. రేపటి నుంచి ఇంట్లో కూర్చో."

పదిమంది ఆడవాళ్ళు విన్నారు. వెంకటరావమ్మ ఒళ్ళోని ఆకులు కింద పెట్టి లేచింది. "గొంగళి నా కంట పడలేదు. తప్పే. జీరంగి మాత్రం రావడం లేదండీ," అంది. చీర దులుపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ గోడౌను గడప తొక్కలేదు. ఆ మాటా ఎత్తలేదు. గుంటూరు తీసుకెళ్ళి కళ్ళు చూపించి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. అతను తీసుకెళ్ళలేదు. తను అన్నదే నిజం, చూపించేదేముంది అనుకున్నాడు. రెండువేల రెండులో, వానల్లోనే, జ్వరం వచ్చి నాలుగో రోజు పోయింది.

భానుశ్రీ డిసెంబరులో వచ్చింది. చేతిలో ఫైలు, మొహంలో ఏదో తేలని సంగతి.

"ఏమైందమ్మా? ఏ ఏడు దాకా ఉంది?"

"అన్నేళ్ళూ ఉంది బాబాయిగారూ. ఎనభై నుంచి పోయినేడాది దాకా ఇరవై ఎనిమిది కట్టల్లోనూ జీరంగి ఉంది."

పానకాలు గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది. "విన్నావా మస్తాన్‌బీ? ఉందంట! నేనన్నది అదేగా!" అని అరిచాడు. మస్తాన్‌బీ తలెత్తలేదు. కుడుతున్న విస్తరి కుడుతూనే ఉంది.

"ఆగండి, పూర్తిగా వినండి," అంది భానుశ్రీ. "ఎనభైలో కట్టిన కట్టలో పిండినల్లి కూడా ఉంది."

"పత్తిలో తెల్లగా పట్టే నల్లా?"

"అదే. అది మన చేలల్లో దిగి మూడేళ్ళు కూడా కాలేదు. మా నాన్న దాన్ని చూసింది మొన్న రెండువేల ఆరులో. ఎనభైలో కోసిన ఆకు మీదకి ఎలా వచ్చింది? ఈ కట్టల్ని ఎక్కడైనా కలిపారా?"

పానకాలు అటక వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ప్రతి ఎండాకాలం ఆరబెడతాం. బూజు పట్టకుండా."

"ఎలా?"

ఎలాగో అతనికి కళ్ళకు కట్టింది. వెంకటరావమ్మ ఉన్నప్పుడు ఒక్కో ఏడు కట్టను ఒక్కో పాత చీరముక్క మీద విడివిడిగా పరిచి, సాయంత్రానికి దేనికది కట్టేది. పని తెమలదని అతను విసుక్కునేవాడు. ఆమె మానేశాక కూలీలు అన్ని కట్టల్నీ ఒకే పట్టా మీద విప్పి పోసేవాళ్ళు. చేతికి వచ్చిన నుసి, రాలిన ముక్కలు అన్నీ ఒకటే. ఆ పట్టా కూడా పక్క కొట్టు జక్రయ్యది. పత్తి ఆరబోసుకోవడానికి వాడుకునేది. అడిగితే ఊరికే ఇస్తున్నాడు కదా అని తెచ్చుకున్నాడు.

"అంటే ఇదంతా కలిసిపోయిన సరుకు," అన్నాడు.

"అవునండీ. ఇందులో జీరంగి ఏ ఏటిదో ఎవరూ చెప్పలేరు. నా పని ఇక్కడితో ఆగిపోయినట్టే." ఆ పిల్ల కాగితాల వైపు చూసుకుంది. ఐదు నెలల కష్టం మరి.

ఆ పిల్ల ఫైలు సర్దుకుని వెళ్ళిపోయింది. పానకాలు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. నోరు మూసుకుంటే సరిపోయే బేరం ఇది. కాగితం మీద ఉంది, జీరంగి పోలేదని. తన మాటే నెగ్గింది. పిండినల్లి సంగతి ఎవరడుగుతారు? కానీ కొత్త ఆకులో పాతాకు కలిపిన కట్టని వాసన చూసి పట్టుకునే మనిషి తను. కలిపిన సరుకు ఎదటివాడు తెస్తే మెట్ల మీద నుంచే తిప్పి పంపేవాడు. ఇప్పుడు అదే సరుకు తనకు తను అమ్ముకుని, లోపల పెట్టుకోవాలి.

ఇంట్లో ఆమె ట్రంకుపెట్టె ఉంది. అందులో ఏముందో అతనికి తెలుసు. మగ్గాల ఇళ్ళలో నేసిన ప్రతి చీరలోంచి జానెడు గుడ్డ దాచుకుంటారట. ఆ అలవాటున ఆమె ప్రతి ఏడూ తనకంటూ ఒక చిన్న ఆకుకట్ట ఇంటికి తెచ్చుకునేది. ఆ పెట్టెను అతను ఆరేళ్ళుగా తెరవలేదు. భానుశ్రీ మొదట అడిగినప్పుడు కావాలనే చెప్పలేదు. ఆమె వేళ్ళు కట్టిన ముడులు అవి. విప్పితే మళ్ళీ కట్టేవాళ్ళు లేరు. పైగా నూరి పొడి చేస్తారు.

మూడు రోజులు పెట్టె చుట్టూ తిరిగాడు. నాలుగో రోజు పొద్దున భానుశ్రీకి ఫోను చేశాడు. "సంచి తెచ్చుకో. ఈసారి సరుకు వేరు." మస్తాన్‌బీని కూడా ఇంటికి రమ్మన్నాడు, పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలని.

మూత తీయగానే కర్పూరం వాసన, దాని కింద ఎండాకు వాసన. ఒక్కో కట్టా ఒక్కో పాత చీరముక్కలో చుట్టి ఉంది. ముక్క అంచున పెన్సిలుతో ఏడాది. ఎనభై, ఎనభై ఒకటి... పానకాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతూ లెక్కపెట్టాడు. ఆమెను ఇంటికి పంపింది తొంభై ఎనిమిదిలో. పంతొమ్మిది ఉండాలి.

పంతొమ్మిది అయ్యాయి. పెట్టెలో ఇంకా ఉన్నాయి.

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు. చివరి దాని మీద 2002 అని ఉంది. అంకెలు గట్టిగా, సూటిగా ఉన్నాయి.

"ఇవెక్కడివి?" అన్నాడు మస్తాన్‌బీ వైపు తిరిగి.

"నేనే తెచ్చిచ్చా. ప్రతి ఏడూ కొత్త బండి దిగంగానే చెప్పి పంపేది, 'మస్తానూ, పైకట్ట వద్దు, మధ్యలోది తే, ఏరకుండా తే' అని. అరుగు మీద కూచుని ఆకాకూ తిప్పి చూసుకునేది. వచ్చిందా అక్కా అంటే, 'ఈ ఏడూ రాలేదే. వచ్చే ఏటికి చూద్దాం' అనేది."

"నాకు చెప్పలేదేం?"

"మీరడిగితేగా."

పెట్టె అడుగున అగ్గిపెట్టె ఉంది. అందులో దూది, దూది మీద ఒక రెక్క. కత్తిరించనిది. ఎన్నేళ్ళదో, మెరుపు మాత్రం అలాగే ఉంది.

"ఆఖరుగా దొరికింది అదే," అంది మస్తాన్‌బీ. "బొట్టు చేసుకోవే అంటే ఒప్పుకోలా. మళ్ళా వస్తే ఇదేనా కాదా అని పోల్చుకోవాలిగా అంది."

పానకాలు అగ్గిపెట్టె మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట తేలాలన్న ఎదురుచూపు తన ఒక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆమె ఆ అరుగు మీద కూర్చుని నాలుగు వానాకాలాలు ఎదురుచూసింది. అతను ఆ నాలుగేళ్ళూ అదే అరుగు దాటుకుని కొట్టుకు వెళ్ళొచ్చాడు.

భానుశ్రీ ముడి మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. "బాబాయిగారూ, ఐదాకులతో సరిపెడతాను."

"వద్దు. ఏడన్నాం, ఏడే తీసుకో. ముడి నేను విప్పుతా," అన్నాడు. ఇరవై మూడు ముడులూ తనే విప్పాడు. గోళ్ళు మొద్దుబారాయి. తిరిగి కట్టడం మాత్రం అతనికి చేతకాలేదు, మస్తాన్‌బీ కట్టింది.

ఫలితం వచ్చేసరికి మే నెల అయింది. మిర్చి యార్డు ఘాటు గుంటూరు నుంచి వచ్చే ప్రతి లారీతోనూ ఊళ్ళోకి దిగుతోంది. భానుశ్రీ నేరుగా గోడౌనులోకి వచ్చింది. కాగితం చూడకుండా చెప్పింది.

"ఎనభై నుంచి తొంభై నాలుగు దాకా ప్రతి కట్టలోనూ జీరంగి ఉంది. తొంభై ఐదులో పల్చగా ఉంది. తొంభై ఆరులో ఉందీ లేదన్నట్టు, మూడుసార్లు చేస్తే ఒక్కసారి దొరికింది. తొంభై ఏడు నుంచి రెండువేల రెండు దాకా ఒక్క కట్టలోనూ లేదు."

"ఆకు పాడై దొరక్కపోయిందేమో?"

"నేనూ అదే అనుకుని చూశానండీ. చీమ ఇరవై మూడు కట్టల్లోనూ దొరికింది. ఆకుచుట్టు పురుగూ దొరికింది. పిండినల్లి ఒక్క దాంట్లోనూ లేదు. అంటే ఇందులో ఏదీ కలవలేదు, పాడవలేదు. ఇంత శుభ్రంగా దాచిన సరుకు మా సార్ కూడా చూడలేదట." కాస్త ఆగి అంది, "ఒక్క మాట. మొత్తం అడవిలోనే జీరంగి లేదని నేను చెప్పలేను. మీకు ఆకు వచ్చిన అంచున, ఏడాదికి ఒక కట్టలో, లేదు. అంతవరకే."

"అంతవరకే ఆమె కూడా అంది," అన్నాడు పానకాలు. "రావడం లేదండీ అంది. అడవిలో లేదనలేదు."

దోర్నాల దారిలో అడవి అంచుదాకా పత్తి వచ్చింది ఆ ఏళ్ళలోనే. గట్ల మీది తుమ్మలు కొట్టేశారు. మందు కొట్టే పంపుల చప్పుడు ఆకు కోసేవాళ్ళకి వినపడేదని బండివాళ్ళు చెప్పేవాళ్ళు. అతను విన్నాడు. విని, ఆకు ధర గురించి అడిగాడు.

లేచి గోడౌను మధ్యలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు నిలబడ్డ చోటే. ఆరుగురు ఆడవాళ్ళు కుడుతున్నారు. వాళ్ళలో ఆనాడు విన్నది మస్తాన్‌బీ ఒక్కతే.

"ఇటు వినండి," అన్నాడు. "పదేళ్ళ కింద ఇక్కడే నిలబడి మా ఇంటిదాని కళ్ళు పోయాయన్నాను. ఆమె కళ్ళు బాగున్నాయి. జీరంగి నిజంగానే రాలేదు. చూడలేనిది నేను."

కొత్తగా చేరిన పిల్లలు మొహాలు చూసుకున్నారు. మస్తాన్‌బీ పుల్ల పంట పెట్టి విరిచింది.

"ఇది మాకు అప్పుడే తెలుసయ్యా. తెలవంది మీ ఒక్కరికే. ఆ పిల్ల హైదరాబాదు పోయి మిషనులో ఏపించుకొస్తే గానీ ఎక్కలా." ఆ తర్వాత కాస్త మెత్తబడి, "అక్క వింటే నవ్వేది," అంది.

తొలకరి పడ్డాక ఆ ఏటి మొదటి ఆకు బండి దిగింది. పానకాలు చెప్పులు వదిలి, కిందకూర్చుని, బండి మధ్యలోంచి ఒక కట్ట, ఏరనిది, ఒళ్ళో పెట్టుకుని ఆకాకూ తిప్పాడు. చీమలు. ఎండిన గూడు ఒకటి. కొరికిన అంచులు. రెక్క లేదు. ఆ కట్టను పాత చీరముక్కలో చుట్టి, పెన్సిలుతో 2009 అని రాసి, ముడి వెయ్యడానికి మస్తాన్‌బీకి అందించాడు.

ఇరవై మూడు కట్టల్లో నూట అరవై ఒక్క ఆకు పోయింది, ఆమె వేసిన ముడులన్నీ పోయాయి, పదేళ్ళుగా తనదే పైచెయ్యి అనుకున్న మాట పోయింది. వచ్చింది అగ్గిపెట్టెలో ఒక రెక్క, వచ్చే ఏడు తొలకరికి మొదటి బండి ముందు కూర్చునే పని.